హెసరఘట్ట: బెంగళూరుకు తొలి కుళాయి నీళ్లిచ్చిన చెరువు

బెంగళూరుకు వాయవ్యాన, అర్కావతి నదికి అడ్డంగా 1894లో కట్ట వేసి నింపిన చెరువు హెసరఘట్ట. అంతవరకు నగరం ధర్మాంబుధి, సంపంగి, హలసూరు వంటి ఊరి చెరువులతో, బావులతో నెట్టుకొచ్చింది. 1876-78 నాటి పెద్ద కరువులో ఆ ఏర్పాటు చాలదని తేలిపోయింది. 1882లో సాంకీ చెరువు తవ్వినా కొరత తీరలేదు. 1891 జనాభా లెక్కల నాటికి పేట, దండు (కంటోన్మెంట్) ప్రాంతాలు కలిపి సుమారు 1.8 లక్షల మంది ఉన్నారు. పైగా ఊరి మురుగు ఊరి చెరువుల్లోకే దిగుతుండేది.

అందుకే దివాన్ కె. శేషాద్రి అయ్యర్ నగరం దాటి నది వైపు చూశారు. పథకానికి మైసూరు మహారాజు చామరాజేంద్ర ఒడయరు పేరు పెట్టారు. ఆయన మాత్రం 1894 డిసెంబరులోనే కలకత్తాలో కన్నుమూశారు. నీళ్లు నగరం చేరింది 1896లో. చెరువు నుంచి ఇటుక కాలువలో పల్లానికి పారిన నీటిని సోలదేవనహళ్లి దగ్గర ఆవిరి యంత్రాలు ఎత్తి నగరం వైపు తోసేవి. తర్వాత ఆవిరి స్థానంలోకి విద్యుత్తు వచ్చింది.

అర్కావతి పుట్టేది నంది కొండల్లో. నెల్లూరు దాకా పారే పెన్నకూ పుట్టిల్లు ఆ కొండల ప్రాంతమే. అర్కావతి ఏడాది పొడవునా పారే నది కాదు. వానను పట్టి నిలిపే గొలుసుకట్టు చెరువులే దీని బలం. ఎగువ చెరువు అలుగు పారితేనే దిగువ చెరువుకు నీరు. హెసరఘట్ట ఆ గొలుసులో పెద్ద లంకె, అంతే. అందుకే 1920లలో వానలు తప్పినప్పుడు చెరువు అడుగంటింది, నగరం దాహంతో అల్లాడింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సారథ్యంలోని సంఘం సలహాపై, అర్కావతిలో కుముద్వతి కలిసే తిప్పగొండనహళ్లి వద్ద కొత్త జలాశయం కట్టారు. అది 1933లో సిద్ధమైంది. 1974లో కావేరి నీళ్లు వచ్చాక హెసరఘట్ట అవసరం నగరానికి తీరిపోయింది, నగరం దాన్ని మరచిపోయింది.

చెరువును అసలు దెబ్బతీసింది ఆ మరుపే. ఎగువన కాలువలు పూడాయి, కొన్ని ఆక్రమణల పాలయ్యాయి. ఇసుక తవ్వకాలు, నీలగిరి తోటలు, వందల అడుగుల బోర్లు ఏటికి రావలసిన నీటిని దారిలోనే మింగేశాయి. కరువును నిందించడం తేలికే గానీ, మంచి వానలు పడిన ఏళ్లలోనూ చెరువు నిండకపోవడానికి కారణం ఇదే. 2022 భారీ వర్షాలకు ఎన్నో ఏళ్ల తర్వాత నిండినప్పుడు జనం తిరునాళ్లకు వచ్చినట్టు కట్ట మీదికి వచ్చారు.

చుట్టుపక్కల కథ వేరు. ఇక్కడ పశుసంవర్ధక కేంద్రాలు, కోళ్ల అభివృద్ధి కేంద్రం వెలిశాయి. 1990లో నర్తకి ప్రొతిమా బేడీ నృత్యగ్రామం అనే నాట్య శిక్షణాలయం స్థాపించారు. చెరువు పక్కనున్న పచ్చిక బయలును మాత్రం చాలాకాలం బంజరుగానే చూశారు. అక్కడ సినిమా నగరం కట్టాలన్న ఆలోచనా నడిచింది. నిజానికి ఆ బయలు వాన నీటిని ఇంకించుకుని చెరువుకు అందించే నేల, వలస పక్షులకు మేత బీడు. దాన్ని కాపాడాలన్న ప్రతిపాదనను 2021లో తిరస్కరించిన రాష్ట్ర వన్యప్రాణి మండలే, 2024లో 5,678 ఎకరాలను సంరక్షణ ప్రాంతంగా ప్రకటించేందుకు ఆమోదం తెలిపింది.