మూత్రపిండం చుట్టూ రక్తస్రావం: మరోచోటి క్యాన్సర్‌కు తొలి సంకేతం కావచ్చు

దెబ్బ తగలకపోయినా మూత్రపిండం నుంచి రక్తం స్రవించి, దాని పైపొర కింద గానీ, చుట్టూ ఉన్న కొవ్వులో గానీ చేరే అరుదైన అత్యవసర స్థితిని ‘వుండర్‌లిష్ సిండ్రోమ్’ అంటారు. 1856లో దీనిని వర్ణించిన జర్మన్ వైద్యుడు కార్ల్ వుండర్‌లిష్ పేరే దీనికి స్థిరపడింది.

కారణాలేమిటి?

మూత్రపిండంలోనే పుట్టిన కణుతులు దీనికి ప్రధాన కారణం. రక్తనాళాల వాపు, రక్తం గడ్డకట్టకుండా వాడే మందులు కూడా కారణం కావచ్చు. మరో అవయవంలో మొదలైన క్యాన్సర్ మూత్రపిండానికి పాకి రక్తస్రావం కలిగించడం చాలా అరుదు. గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు మూత్రపిండాలకే చేరుతుంది. ఆ ప్రవాహంతో పాటు క్యాన్సర్ కణాలూ అక్కడికి చేరగలవు. ఊపిరితిత్తుల క్యాన్సర్, చర్మంపై వచ్చే మెలనోమా, గర్భధారణ అనంతరం తలెత్తే కోరియోకార్సినోమా ఇలా వ్యాపించవచ్చు. కోరియోకార్సినోమా కణాలు రక్తనాళాలను ఛేదించుకుని పోతాయి కనుక రక్తస్రావం ముప్పు ఎక్కువ.

లక్షణాలు

డొక్కలో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి, చేతికి తగిలే గడ్డ, రక్తపోటు పడిపోవడం ముఖ్య లక్షణాలు. ఈ మూడూ కలిసి అందరిలోనూ కనిపించవు. రక్తం మూత్రపిండం వెలుపల చేరడం వల్ల మూత్రం ఎర్రబడకపోవచ్చు. అందుకే దీనిని మూత్రపిండంలో రాయి వల్ల వచ్చిన నొప్పిగా పొరబడే అవకాశం ఉంది. నొప్పితో పాటు కళ్లు తిరగడం, చెమటలు పట్టడం, స్పృహ తప్పడం వంటివి ఉంటే తక్షణమే ఆసుపత్రికి చేరాలి.

నిర్ధారణ, చికిత్స

సీటీ స్కాన్‌తో రక్తస్రావాన్ని నిర్ధారిస్తారు. రక్తం ఎక్కిస్తూనే, స్రవిస్తున్న ధమనిని సన్నని గొట్టం ద్వారా లోపలి నుంచి మూసివేస్తారు. అప్పటికీ అదుపు కాకపోతే మూత్రపిండాన్ని తొలగించవలసి రావచ్చు.

అయితే రక్తం ఆగినంత మాత్రాన చికిత్స ముగిసినట్టు కాదు. పేరుకున్న రక్తం తొలి స్కాన్‌లో కణితిని మరుగుపరచవచ్చు. అది కరిగాక మళ్లీ స్కాన్ చేసి చూడాలి. వ్యాపించిన క్యాన్సర్ అని తేలితే దాని మూలాన్ని వెతకాలి. ఇటీవల ప్రసవం, గర్భస్రావం, ముత్యాల గర్భం వంటివి జరిగిన స్త్రీలు ఆ సంగతి వైద్యులకు తప్పక చెప్పాలి. రక్తంలో హెచ్‌సీజీ పరీక్ష కోరియోకార్సినోమా జాడను పట్టిస్తుంది. ఇతర అవయవాలకు పాకినప్పటికీ కీమోథెరపీతో చాలామందిలో నయమయ్యే క్యాన్సర్ అది.