కంఠసర్పి, గుర్రాలు, మన సుబ్బారావు గారు

మా అమ్మాయిని ఐసెలిన్‌లో కిండర్‌గార్టెన్‌లో చేర్చబోతే, టీకాల కాగితం లేనిదే కుదరదన్నారు. ఇండియాలో వేయించిన టీకాల చీటీ ఎక్కడో పోయింది. రెండు వారాలు ఫోన్లతో సరిపోయింది. విసుగ్గా ఆ ఫారం చూస్తే మొదటి గడిలో ‘డీటాప్’. అందులో ‘డి’ అంటే డిఫ్తీరియా. మన పెద్దల మాటలో కంఠసర్పి. ఆ పేరెత్తితేనే మా నాయనమ్మ గొంతు తగ్గించేది.

ఈ జబ్బులో గొంతులో బూడిదరంగు పొర కట్టి పసివాళ్ళకు ఊపిరాడదు. విషం గుండెకూ పాకుతుంది. అమెరికాలో 1921 ఒక్క సంవత్సరంలోనే 2,06,000 కేసులు, 15,520 మరణాలు నమోదయ్యాయి.

దీనిమీద మనకు పక్కనే ఉన్న న్యూయార్క్ నగరం చేసిన పోరాటం చదవదగ్గది. 1894లో యూరప్ వెళ్ళిన నగర ఆరోగ్యశాఖ వైద్యుడు హెర్మన్ బిగ్స్ అక్కడి కొత్త విరుగుడును చూసి, వెంటనే గుర్రాలను సిద్ధం చేయమని విలియం పార్క్‌కు తంతి కొట్టాడు. గుర్రానికి విషం కొద్దికొద్దిగా ఎక్కిస్తే దాని రక్తంలో విరుగుడు పుడుతుంది. అదే సీరం. నగర ఖజానాలో అందుకు డబ్బు లేదు. వైద్యులు సొంత జేబులు తడుముకున్నారు, ఒక పత్రిక చందాలు పోగుచేసింది. అదే ఏడు ఆ ప్రయోగశాలలో అన్నా విలియమ్స్ అనే వైద్యురాలు వేరుచేసిన క్రిమి జాతి తరువాత ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. పేరులో పార్క్ గారినీ కలిపారనుకోండి! 1895 నుంచి పేదలకు సీరం ఉచితంగా అందింది. అయితే సీరం జబ్బు వచ్చాక ఇచ్చే మందు. రాకుండా కాపాడే టీకా 1920లలో బడిపిల్లలకు చేరింది.

ఆ నగరానికే ఆరోగ్య కమిషనర్‌గా చేసిన ఎర్నెస్ట్ లెడర్లీ 1906లో సొంతంగా సీరం కంపెనీ పెట్టి, పెర్ల్ రివర్‌లో గుర్రాలను పెంచాడు. ఆ పేరు ఎక్కడో విన్నట్టుందా? భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1940లో చేరినది ఆ లెడర్లీలోనే. ఆరియోమైసిన్ పుట్టిన చోటు కంఠసర్పి గుర్రాలశాలగా మొదలైందన్నమాట! మన ఐసెలిన్ పక్కనుంచి పోయే గార్డెన్ స్టేట్ పార్క్‌వే ఉత్తరపు కొసకు వెళితే ఆ ఊరు దగ్గరే.

మన వైపు కథ ఇంకా ముగియలేదు. హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిని జనం కోరంటి దవాఖానా అంటారు. ‘క్వారంటైన్’ నోటికి అలా తిరిగింది. అక్కడ 2000 తరువాత కూడా కంఠసర్పితో పిల్లలు చేరుతూనే వచ్చారు. టీకా బలం ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతుంది, పెద్దలకూ పదేళ్ళకొకసారి బూస్టర్ కావాలి.

కిందటిసారి ఇండియా వెళ్ళేముందు నేనూ మా ఆవిడా వేయించుకున్నాం. ఆ చీటీలు ఈసారి పాస్‌పోర్టుల సంచిలోనే ఉన్నాయి.