దళం నుంచి వంటింటికి: తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీలు

నిజాం పాలనలోని హైదరాబాద్ సంస్థానంలో 1946 నుంచి 1951 వరకు సాగిన రైతాంగ సాయుధ పోరాటాన్ని భూమి కోసం, భుక్తి కోసం, వెట్టి నుంచి విముక్తి కోసం జరిగిన పోరాటంగా చరిత్ర పుస్తకాలు వివరిస్తాయి. వెట్టి అంటే కూలి ఇవ్వకుండా దొరలు బలవంతంగా చేయించుకునే చాకిరీ. దాని బరువు మగవాళ్ల మీద కన్నా ఆడవాళ్ల మీద మరో మెట్టు ఎక్కువగానే పడింది. పొలంలోనూ గడీలోనూ చాకిరీ చేయడంతో పాటు, దొర కూతురు అత్తవారింటికి వెళ్లేటప్పుడు పేదింటి పిల్లను ఆమె వెంట దాసిగా పంపే ఆడబాప వ్యవస్థకు కూడా వాళ్లే బలయ్యారు. అందువల్ల ఊళ్లలో సంఘం అని పిలుచుకున్న ఆంధ్ర మహాసభ వెట్టిని ఎదిరించినప్పుడు స్త్రీలు దాని వెనుక నిలవడంలో ఆశ్చర్యమేమీ లేదు. అయితే స్త్రీలందరూ ఒకే పక్షాన ఉన్నారనుకోవడం కూడా పొరపాటే. కడవెండి గడీలో ఉండి పెత్తనం చెలాయించిన విసునూరు దేశ్‌ముఖ్ తల్లి పేరు చెబితే చుట్టుపక్కల పల్లెలు వణికిపోయేవి.

అదే దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డిని పాలకుర్తిలో చాకలి ఐలమ్మ ఎదుర్కొన్నారు. కౌలుకు తీసుకుని ఆమె కుటుంబం సాగు చేసిన భూమిలో పంట చేతికొచ్చే వేళకు దాన్ని కోసుకుపొమ్మని దొర తన మనుషులను పంపితే, సంఘం కార్యకర్తలు వాళ్లను తరిమి, తామే కోతకు దిగి, ధాన్యాన్ని ఐలమ్మ ఇంటికి చేర్చారు. ఒక చాకలి స్త్రీ పండించిన పంట ఆమె ఇంటి గడప దాటి లోపలికి వెళ్లడం అన్నది ఆనాటి నల్లగొండ జిల్లాలో చిన్న విషయం కాదు. అప్పటికింకా ఎవరూ తుపాకీ పట్టలేదు. 1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పులకు దొడ్డి కొమురయ్య నేలకొరిగాకనే పోరాటం క్రమంగా ఆయుధాల వైపు మళ్లింది.

ఆయుధం పట్టి సంచరించే చిన్న బృందాన్ని దళం అంటారు. మల్లు స్వరాజ్యం వంటి యువతులు దళాల్లో చేరి, తుపాకీ నేర్చుకుని, ఉయ్యాల పాటలతో ఊళ్లను కదిలించారు; ఆమెను పట్టిచ్చిన వారికి పదివేల రూపాయల బహుమతి ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. కానీ పోరాటాన్ని ఐదేళ్ల పాటు నిలబెట్టింది ప్రధానంగా తుపాకీ పట్టని స్త్రీలేనని చెప్పడం అతిశయోక్తి కాదు. పగలు పొలం పని చేసి, అర్ధరాత్రి వచ్చిన దళానికి ఇంట్లో ఉన్న కొద్దిపాటి గింజలతోనే వండిపెట్టి, గడ్డిమోపుల్లో ఉత్తరాలు దాచి దాటించి, పోలీసులు వచ్చి కొడుతున్నా నోరు విప్పకుండా ఉండడం ఎంతటి సాహసమో కొలిచే పద్ధతి సైనిక చరిత్రలో లేదు. పతకాలూ పింఛన్లూ అడగడానికి కావలసిన సాక్ష్యం ఆ పనికి ఉండదు.

1948 సెప్టెంబరులో భారత సైన్యం సంస్థానాన్ని విలీనం చేసుకున్న తర్వాత పోరు ఆగలేదు; కొత్త ప్రభుత్వ బలగాల వేట తీవ్రం కావడంతో దళాలు గోదావరి అడవుల్లోకి వెళ్లాయి. అక్కడ తల్లులైన స్త్రీలకు ఎదురైన పరీక్ష మగ కార్యకర్తలకు ఎన్నడూ ఎదురు కానిది: పసిబిడ్డ ఏడిస్తే దళం జాడ తెలిసిపోతుంది కనుక, కన్నబిడ్డను ఇతరులకు అప్పగించి ముందుకు నడవవలసి వచ్చిన తల్లులున్నారు. ఉద్యమం ఆ త్యాగాన్ని స్వీకరించింది, కాని ఆ తల్లి దుఃఖాన్ని మాత్రం ఆమెకే వదిలేసింది.

1951 అక్టోబరు 21న పోరాట విరమణ ప్రకటించారు. 1952 ఎన్నికల్లో, నిషేధం కారణంగా కమ్యూనిస్టులు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేసినప్పుడు, ఆరుట్ల కమలాదేవి ఆలేరు నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. ఆమె మినహాయింపు మాత్రమే. స్వరాజ్యం తుంగతుర్తి నుంచి గెలిచింది 1978లో, అంటే విరమణ జరిగిన 27 ఏళ్ల తర్వాత. మిగిలినవారిలో ఎక్కువమందికి దక్కిన సలహా ఇంటికి వెళ్లి సంసారం చూసుకోమన్నది. అడవిలో మగవాళ్లతో పాటు తిరిగిన స్త్రీ ఊరికి తిరిగొస్తే ఆమె నడవడిని శంకించినవారున్నారు. చదువు మధ్యలో మానినవారికి ఉద్యోగం లేదు, భర్తను వదిలి వచ్చినవారికి పుట్టిల్లు లేదు. యుద్ధం ముగిశాక కోలుకోవడం అన్న మాటకు మగ కార్యకర్త విషయంలో పార్టీ పని, ఎన్నికలు, కొత్త జీవితం అన్న అర్థాలు ఉండగా, స్త్రీ విషయంలో అది పాత జీవితానికి తిరిగి వెళ్లడమే అయింది. ఆ తేడాను పోరాట నాయకత్వం సమస్యగా గుర్తించకపోవడం దాని చరిత్రలో తీవ్రమైన లోపం.

ఈ స్త్రీలు తమ మాటల్లో చెప్పుకున్న జీవితకథలను హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన సేకరించి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా ప్రచురించింది. వాటిలో గర్వంతో పాటు అలసటా, నిరాశా ఉన్నాయి. పోరాట కాలమే తమ జీవితంలోకెల్లా గొప్ప కాలమని చెబుతూనే, ఆ తర్వాత తమను ఎవరూ పట్టించుకోలేదన్న బాధను వెలిబుచ్చారు.

అదే సంవత్సరం ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్ట సవరణ, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు కల్పిస్తూ, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా వచ్చింది. ఐలమ్మ ఆ తేదీకి ఐదు రోజుల తర్వాత, సెప్టెంబరు 10న కన్నుమూశారు. చట్టం అమల్లోకి వచ్చే నాటికే పెళ్లయిన కూతుళ్లను అది మినహాయించింది కనుక, భూమి కోసం పోరాడిన ఆ తరంలో పెళ్లయిన ఏ స్త్రీకీ పుట్టింటి భూమిలో దాని వల్ల వాటా రాలేదు. ఆ మినహాయింపును 2005లో కేంద్ర సవరణ తొలగించింది.