బొద్దుగా పుడితే చాలా?

మన గ్రూపులో ఎవరికైనా కాన్పు అయిందంటే మొదట అడిగేది "ఆడా, మగా?", ఆ వెంటనే "బరువెంత?" నాలుగు కిలోలు దాటితే ఇక చెప్పక్కర్లేదు, "ఎంత బొద్దుగా ఉన్నాడో, దిష్టి తీయండమ్మా" అని మురిసిపోతాం. ఇంగ్లండులో కాన్పుల వార్డు నర్సుగా ఉండి కూడా నేనూ అలాగే అనేదాన్ని. ఆ బరువు వెనక ఇంత చరిత్ర ఉందని తర్వాతే తెలిసింది.

ఇక్కడి హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 1911 నుంచి పుట్టిన ప్రతి బిడ్డ బరువునీ, ఏడాది నిండాక మళ్లీ బరువునీ నర్సులు పెద్ద పుస్తకాల్లో రాసి పెట్టారు. డేవిడ్ బార్కర్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు ఆ పుస్తకాలు వెతికి తీసి, 1989లో ఒక మాట చెప్పారు: తక్కువ బరువున్న మగపిల్లలే పెద్దయ్యాక గుండెజబ్బుతో ఎక్కువగా పోయారు అని. అయితే బరువు ఎంత ఎక్కువుంటే అంత మంచిదనుకోవాలా? అక్కడే పొరబడతాం.

1922లో ఇన్సులిన్ వైద్యం రాకముందు షుగర్ ఉన్న ఆడవాళ్లకి కాన్పు దాకా రావడమే గగనం. ఇన్సులిన్ వచ్చాక తల్లులు బతికారు, కానీ బిడ్డలు మరీ లావుగా పుట్టేవారు. ఎందుకో కోపెన్‌హాగన్ డాక్టరు యోర్గెన్ పెడర్సన్ 1950లలో వివరించాడు. తల్లి రక్తంలోని చక్కెర మాయ దాటి బిడ్డకి చేరుతుంది, తల్లి ఇన్సులిన్ మాత్రం చేరదు. ఆ చక్కెరని సర్దడానికి బిడ్డ తనే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసుకుంటుంది, అది కొవ్వుగా పేరుకుంటుంది.

అమెరికాలోని అరిజోనాలో పీమా తెగవాళ్లని 1965 నుంచి ఏళ్ల తరబడి పరీక్షించారు. అక్కడ మరీ చిన్నగా పుట్టినవాళ్లకే కాదు, మరీ లావుగా పుట్టినవాళ్లకీ తర్వాత షుగర్ ఎక్కువగా వచ్చింది. 2000లో ఇంకో సంగతి బయటపడింది. ఒకే తల్లి పిల్లల్లో, ఆమెకి షుగర్ రాకముందు పుట్టినవాళ్లకంటే వచ్చాక పుట్టినవాళ్లకి షుగరూ, ఒళ్లూ ఎక్కువ. తండ్రికి షుగర్ రాకముందు, వచ్చాక పుట్టినవాళ్ల మధ్య అంత తేడా లేదు. అంటే వంశం ఒక్కటే కాదు, ఆ తొమ్మిది నెలలూ లెక్కలోకి వస్తాయన్నమాట. షుగరూ, ఊబకాయమూ ఉన్నచోట గుండెకీ ముప్పే కదా.

లావుగా పుట్టిన ప్రతి బిడ్డకీ జబ్బు వస్తుందని కాదు, ఇది తల్లి తప్పు అసలే కాదు. మన దక్షిణాసియా ఆడవాళ్లకి గర్భంలో షుగర్ ఎక్కువ కాబట్టే ఇక్కడ 24 నుంచి 28 వారాల మధ్య గ్లూకోజు నీళ్లు తాగించి పరీక్ష చేస్తారు. "మా ఇంట్లో ఎవరికీ లేదులే" అని దాన్ని మానెయ్యకండి. షుగర్ తేలితే, కాన్పయ్యాక కూడా ఏడాదికోసారి చూపించుకోండి.

దిష్టి తీయండి, తప్పకుండా. దాంతోపాటు "అమ్మకి షుగర్ చూశారా?" అని కూడా అడుగుదాం.