మనస్సును కొలవబోయినవారు: లైప్‌జిగ్ గది నుండి గుండ్లకమ్మ ఒడ్డు వరకు

ఉపోద్ఘాతం

సైకాలజీ అనే మాటను మనం మనస్తత్వ శాస్త్రం అని తెలుగు చేసుకొన్నాం. ఆ మాటకు మూలమైన గ్రీకు పదం "ప్సూకే". దానికి మనస్సు అనే అర్థంకన్నా ప్రాణం, ఆత్మ అనే అర్థాలే ముందు వస్తాయి. తెలుగు బైబిలు అనువాదకులకు ఈ చిక్కు బాగా తెలుసు. ఆ పదం మత్తయి సువార్త 16వ అధ్యాయంలో ప్రాణం అయింది, 22వ అధ్యాయంలో ఆత్మ అయింది, థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో జీవం అయింది. ఈ మూడు చోట్లలో ఎక్కడా దానిని మనస్సు అని అనువదించలేదు.

దైవశాస్త్ర కళాశాలలో ఈ పాఠ్యాంశం ఎందుకని ప్రతి సంవత్సరం ఎవరో ఒక విద్యార్థి మమ్మల్ని అడుగుతూనే ఉంటాడు. ఆత్మను గూర్చి నేర్చుకోవడానికి వచ్చినవారికి కుక్కల లాలాజలం సంగతి ఎందుకు అన్నది వారి సందేహం. అది న్యాయమైన ప్రశ్నే. ఈ వ్యాసంలో దానికి చరిత్ర వైపునుండి జవాబు వెదుకుతున్నాం. ఈ శాస్త్రాన్ని కట్టినవారిలో చాలామంది పాస్టర్ల కుమారులు, కొందరు సెమినరీ విద్యార్థులు. వారు ఆత్మ లేదని నిరూపించలేదు, నిరూపించబోనూ లేదు. కొలవడానికి వీలైనంతవరకు ప్రశ్నను చిన్నది చేసుకొన్నారు. ఆ చిన్న ప్రశ్నకు మంచి జవాబులు దొరికాయి. ప్రశ్నను చిన్నది చేసిన సంగతి తరువాతివారు మరచిపోయినప్పుడు పొరపాట్లు జరిగాయి. వాటిలో ఒకటి మన తెలుగు సంఘాల చరిత్రకే తగిలింది.

గ్రీన్‌విచ్‌లో ఉద్యోగం పోయిన సహాయకుడు

కథ మనస్సుతో మొదలు కాలేదు, నక్షత్రాలతో మొదలైంది. ఇంగ్లాండులోని గ్రీన్‌విచ్ వేధశాలకు అధిపతిగా ఉన్న నెవిల్ మాస్కెలిన్ అభిషేకం పొందిన ఆంగ్లికన్ గురువు. దూరదర్శినిలో కనిపించే సన్నని తీగను నక్షత్రం దాటే క్షణాన్ని గడియారపు టిక్కులు వింటూ, సెకనులో పదోవంతు వరకు అంచనా వేసి వ్రాయడం అక్కడి పని. ఆయన సహాయకుడు డేవిడ్ కిన్నెబ్రూక్ వ్రాసే సమయాలు 1795లో ఆయన సమయాలకంటే అర సెకను ఆలస్యంగా ఉండసాగాయి. హెచ్చరించినా సరికాలేదు సరికదా, 1796 ఆరంభానికి తేడా సెకనులో పది వంతులకు ఎనిమిది వంతులైంది. కిన్నెబ్రూక్ అజాగ్రత్తపరుడని తీర్మానించి మాస్కెలిన్ అతణ్ణి పనిలోనుండి తీసివేశాడు.

పాతికేళ్లు తిరిగాక, 1820లలో, కోనిగ్స్‌బర్గ్ ఖగోళ శాస్త్రజ్ఞుడు బెసెల్ ఈ సంగతిని మళ్లీ విచారించాడు. అనుభవజ్ఞులైన పరిశీలకులను ఒకరితో ఒకరిని పోల్చి చూశాడు. ఏ ఇద్దరి లెక్కా కలవలేదు. చెవితో వినడం, కంటితో చూడడం, రెంటినీ కలిపి నిర్ణయించడం అనే పనికి ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క విధంగా కాలం పడుతుందని తేలింది. కిన్నెబ్రూక్ తప్పు చేయలేదు. మాస్కెలిన్ తన సొంత కన్నునే ప్రమాణంగా పెట్టుకొన్నాడు, అంతే. మనస్సు చేసే పనికి కాలం పడుతుందని, ఆ కాలాన్ని కొలవవచ్చునని లోకానికి తెలిసింది ఇలా ఒక మనిషి ఉద్యోగం పోవడంవల్ల. ఈ ఉదంతాన్ని తరగతిలో చెప్పినప్పుడల్లా మేము కిన్నెబ్రూక్ పక్షమే వహిస్తాం.

లైప్‌జిగ్ గది

తరువాతి అడుగులు జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో పడ్డాయి. విట్టెన్‌బర్గ్ దైవశాస్త్ర ఆచార్యుని కుమారుడు ఎర్నెస్ట్ వేబర్ అక్కడ శరీర నిర్మాణ శాస్త్రం బోధించేవాడు. చేతితో ఎత్తి చూచిన రెండు బరువులలో తేడా తెలియాలంటే ఎంత తేడా ఉండాలని ఆయన పరీక్షించాడు. తేడా ఇన్ని గ్రాములని చెప్పడం కుదరలేదు. మొదటి బరువులో సుమారు నలభయ్యో వంతు ఉంటేనే చేతికి తెలుస్తుంది. అంటే 40 గ్రాములకు ఒక గ్రాము చాలు, 400 గ్రాములకు మాత్రం పది గ్రాములు కావాలి. బజారులో కూరగాయలు చేతితో తూచి చూచే గృహిణికి ఇది కొత్త సంగతి కాదు. దానికి ఒక సంఖ్య దొరకడమే కొత్త.

గుస్తావ్ ఫెఖ్నర్ గ్రామ పాస్టరు కుమారుడు, లైప్‌జిగ్‌లో భౌతిక శాస్త్ర ఆచార్యుడు. రంగు అద్దాలలోనుండి సూర్యుణ్ణి చూస్తూ చేసిన ప్రయోగాలవల్ల ఆయన కళ్లు దెబ్బతిన్నాయి. సుమారు 1840 నుండి మూడేళ్లపాటు చీకటి గదిలో, మనుషులను చూడలేని స్థితిలో గడిపాడు. కోలుకొన్న తరువాత ఆయన ఆసక్తి ఆత్మకూ దేహానికీ గల సంబంధం మీదికి మళ్లింది. 1850 అక్టోబరు 22 ఉదయం పడక మీద ఉండగా ఒక ఆలోచన తట్టిందని ఆయనే చెప్పుకొన్నాడు. బయటి ప్రేరణ రెట్లలో పెరుగుతుంటే లోపలి అనుభూతి మెట్టు మెట్టుగా పెరుగుతుందని, ఈ రెంటినీ ఒక సూత్రంలో కలపవచ్చునని ఆ ఆలోచన. దానిని విస్తరించిన గ్రంథం 1860లో వెలువడింది. మొక్కలకు కూడా ఆత్మ ఉందని నమ్మిన మనిషి ఫెఖ్నర్. భౌతికవాదాన్ని ఓడించడానికే ఆయన ఈ కొలతలు మొదలుపెట్టాడు. తరువాతివారు సూత్రాన్ని తీసుకొని ఆ ఉద్దేశాన్ని వదిలేశారు.

ఈ రెండు దారులను ఒక చోట చేర్చినవాడు విల్హెల్మ్ వుంట్. ఆయన 1832లో మాన్‌హైమ్ దగ్గర నెకరావులో లూథరన్ పాస్టరు ఇంట పుట్టాడు. వైద్యం చదివి, హెల్మ్‌హోల్ట్జ్ దగ్గర సహాయకునిగా పనిచేసి, 1875లో లైప్‌జిగ్ చేరాడు. 1879లో అక్కడ ఆయన ప్రారంభించిన చిన్న ప్రయోగశాలనే ఈ శాస్త్రపు జన్మస్థలంగా చరిత్రకారులు లెక్కిస్తారు. ఒక శబ్దం విన్న వెంటనే మీట నొక్కడానికి ఎంత కాలం, రెండు రంగులలో ఏదో గుర్తించి నొక్కడానికి ఇంకెంత కాలం, ఇలాంటి పరీక్షలు జరిగేవి. ప్రయోగం చేసేవారే వంతులవారీగా ప్రయోగానికి కూర్చొనేవారు.

వుంట్ విషయంలో మన పాఠ్యపుస్తకాలు చాలావరకు సగమే చెబుతాయి. మిగతా సగం మాకు ఎక్కువ ముఖ్యమనిపిస్తుంది. ప్రయోగశాలలో కొలవగలిగినవి ఇంద్రియానుభూతి, అవధానం వంటి సరళమైన వ్యాపారాలు మాత్రమేనని ఆయన స్పష్టంగా చెప్పాడు. భాష, పురాణం, ఆచారం, మతం వంటివి ఒంటరి మనస్సు చేసినవి కావు, ప్రజలు కలిసి జీవించడంలో పుట్టినవి. కనుక వాటిని చరిత్ర ద్వారా, సమాజాల పరిశీలన ద్వారా తెలుసుకోవాలి. ఈ రెండో పనికోసం 1900 నుండి 1920 వరకు, అంటే చనిపోయే సంవత్సరం వరకు, ఆయన పది సంపుటాలు వ్రాశాడు. లైప్‌జిగ్‌కు వచ్చిన అమెరికన్ విద్యార్థులు తమతో గడియారాలను తీసుకువెళ్లారుగాని ఈ సంపుటాలను పెద్దగా పట్టించుకోలేదు.

ప్రశ్నావళితో మారుమనస్సు

ఆ విద్యార్థులలో ఒకడు స్టాన్లీ హాల్. న్యూయార్క్‌లోని యూనియన్ థియొలాజికల్ సెమినరీలో చదివినవాడు. అక్కడ తన పరీక్షా ప్రసంగం ముగిశాక విమర్శ వినడానికి పెద్దాయన గదికి వెళితే, ఆయన విమర్శించకుండా మోకాళ్లూని తన కోసం ప్రార్థించాడని హాల్ స్వీయచరిత్రలో వ్రాసుకొన్నాడు. సెమినరీలో ప్రసంగ పరీక్ష ఇచ్చినవారెవరికైనా ఆ గదిలోని మౌనం అర్థమవుతుంది. హాల్ 1883లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో ప్రయోగశాల పెట్టాడు, 1892లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కు మొదటి అధ్యక్షుడయ్యాడు. క్లార్క్ విశ్వవిద్యాలయంలో ఆయన దగ్గర చదివిన ఎడ్విన్ స్టార్‌బక్ మారుమనస్సు అనుభవాన్ని ప్రశ్నావళుల ద్వారా పరిశీలించి 1899లో మతానుభవ మనస్తత్వంపై ఒక గ్రంథం ప్రచురించాడు. మారుమనస్సు దాదాపు పూర్తిగా 10, 25 సంవత్సరాల మధ్య వయస్సులోనే సంభవిస్తుందని, అది కౌమారదశలో వ్యక్తి లోపల జరిగే సంఘర్షణతో ముడిపడినదని ఆయన నిర్ణయం. విలియం జేమ్స్ తన 1902 నాటి ప్రసిద్ధ గ్రంథంలో స్టార్‌బక్ సేకరణను బాగా వాడుకొన్నాడు. సంస్థలను పక్కన పెట్టి, ఏకాంతంలో వ్యక్తి పొందే అనుభవానికే పరిమితమవుతున్నానని జేమ్స్ ముందుగానే ఒప్పుకొన్నాడు. ఆ నిజాయితీ ఆయన అనుచరులందరిలో కనిపించదు.

స్టార్‌బక్‌కు జవాబులు వ్రాసినవారు చాలావరకు అమెరికన్ ప్రొటెస్టెంటులు. చదువు వచ్చినవారు, ఉజ్జీవ కూటాల వాతావరణంలో పెరిగినవారు. మారుమనస్సు ఎలా ఉండాలో చిన్ననాటినుండి విన్నవారు. వారి అనుభవం అబద్ధమని మేము అనడంలేదు. అది మనుషులందరి అనుభవం కాదని మాత్రమే అంటున్నాం.

అటుపైన ఈ శాస్త్రం మరింత ఇరుకు దారి పట్టింది. రష్యాలో ర్యాజాన్ పట్టణపు గురువు కుమారుడు, అక్కడి సెమినరీ విద్యార్థి ఇవాన్ పావ్లోవ్ జీర్ణక్రియ పరిశోధనకు 1904లో నోబెల్ బహుమానం పొందాడు. ఆహారం రాకముందే మెట్రొనోమ్ చప్పుడుకు కుక్క నోట లాలాజలం ఊరడాన్ని ఆయన చుక్కలలో లెక్కించాడు. 1913లో జాన్ వాట్సన్ మనస్సు అనే మాటే శాస్త్రానికి అక్కరలేదు, ప్రవర్తన ఒక్కటే చాలునని ప్రకటించాడు. తల్లి ఆయనకు ఒక బాప్టిస్టు బోధకుని పేరు పెట్టుకొంది. 1920లో వాట్సన్, రేనర్ కలిసి ఏడాది కూడా నిండని పసివానికి తెల్ల ఎలుక అంటే భయం నేర్పి, ఆ భయాన్ని పోగొట్టకుండానే పంపివేశారు. ఈ ప్రయోగాన్ని మేము పాఠంగా చెబుతాం, మెచ్చుకోము.

అదే 1920లో ప్రెస్బిటేరియన్ పరిచారకుడు ఆంటన్ బోయిసన్ తీవ్రమైన మానసిక రోగంతో మసాచుసెట్స్‌లోని ఆసుపత్రి పాలయ్యాడు. కోలుకొన్నాక 1924లో వుస్టర్ ఆసుపత్రిలో చాప్లిన్‌గా చేరి, మరుసటి సంవత్సరం సెమినరీ విద్యార్థులను రోగుల మధ్యకు తీసుకువచ్చాడు. పుస్తకాలను చదివినంత శ్రద్ధతో బాధపడే మనిషిని చదవమని వారికి నేర్పాడు. మన కళాశాలల్లో నేడు జరిగే ఆసుపత్రి శిక్షణకు మూలం అదే. రోగిగా మంచం మీద పడుకొన్నవాడు ఈ పాఠాన్ని రూపొందించాడన్నది మరువరాదు.

మన దేశానికి ఈ శాస్త్రం లైప్‌జిగ్ వంశావళి ద్వారానే వచ్చింది. 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో శాఖను ప్రారంభించిన నరేంద్రనాథ్ సేన్‌గుప్తా హార్వర్డులో మున్‌స్టర్‌బర్గ్ శిష్యుడు. మున్‌స్టర్‌బర్గ్ వుంట్ శిష్యుడు. తెలుగునాట 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కోనేరు రామకృష్ణారావు స్థాపించిన శాఖ పేరులో మనస్తత్వ శాస్త్రంతో పాటు అతీంద్రియ శక్తుల పరిశోధన కూడా ఉంది. ఆయన పనిచేసినది అమెరికాలో జె. బి. రైన్ దగ్గర. రైన్ కూడా యౌవనంలో బోధకుడు కావాలనుకొన్నవాడే.

గుండ్లకమ్మ ఒడ్డున

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. వుంట్ ప్రయోగశాలకు ఒక సంవత్సరం ముందు, 1878 జూలై 3న, ఒంగోలుకు సమీపంలోని వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. అంతకుముందు రెండేళ్లు భయంకరమైన కరువు. మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్నవారికి పని చూపించాడు. కూటికోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపివేశాడు. అయినా ఆ మాట రాక మానలేదు.

ఆ రోజు నదిలోకి దిగినవారిని స్టార్‌బక్ ప్రశ్నావళితో చూస్తే ఏమి కనబడుతుంది? వృద్ధులు, యువకులు, భార్యాభర్తలు ఒకే దినాన దిగారు. కాబట్టి కౌమార సంఘర్షణ అనే సూత్రం వారికి వర్తించదు. వర్తించకపోతే అది మారుమనస్సే కాదని, గుంపు ప్రవర్తన అని, కరువు ఫలితమని తీర్పు చెప్పడం సులభం. అటువంటి తీర్పులు మన సంఘాల మీద చాలాకాలం పడ్డాయి. మన బోధకులు కొందరు కూడా వాటిని నమ్మి తాతముత్తాతల విశ్వాసం గురించి సిగ్గుపడ్డారు. మాకు ఇది గ్రీన్‌విచ్ గడియారం కథలాగే కనిపిస్తుంది. అక్కడా ఇక్కడా ఒకరి లెక్కను ప్రమాణంగా పెట్టి రెండోవారిని తప్పు పట్టారు.

స్టార్‌బక్ గ్రంథం వచ్చిన 1899లోనే ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఒంగోలు ప్రాంతపు మాదిగల జీవిత కథలను ఒక పుస్తకంగా వెలువరించింది. చెప్పులు కుట్టే పనిని గుర్తుచేసే పేరు ఆ పుస్తకానికి పెట్టింది. అందులో యెర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు. 1866లో విశ్వాసంలోకి వచ్చిన ఈయన అంతకుముందే యోగ మార్గపు బోధ విన్నవాడు, సత్యంకోసం ఏళ్లకొద్దీ వెదికినవాడు. ఆయన వెదుకులాట వ్యక్తిగతమే. అయితే అది బంధువుల వాకిళ్ల గుండా, తోళ్ల వ్యాపారపు దారుల వెంట, గురుశిష్య సంబంధాల మీదుగా పల్లెలకు పాకింది. ఒక్కడు నిర్ణయించుకొన్నాడా, కులమంతా నిర్ణయించుకొందా అనే ప్రశ్న ఆ పల్లెలో అర్థం లేనిది. పెద్దలు కూర్చొని మాట్లాడుకొన్నారు, కొందరు ఎదిరించారు, కొందరు ఏళ్ల తరువాత వచ్చారు. వుంట్ తన పది సంపుటాలలో అడిగినది ఇటువంటి పరిశీలననే. 1933లో వాస్కమ్ పికెట్ సామూహిక ఉద్యమాలపై ప్రచురించిన అధ్యయనం ఆ దిశలో ఒక ప్రయత్నం. తెలుగు ప్రాంతాలు కూడా అందులో ఉన్నాయి. ఎందుకు క్రైస్తవులయ్యారని విశ్వాసులనే అడిగి, వచ్చిన జవాబులను ఆత్మీయమైనవి, లౌకికమైనవి, సామాజికమైనవి, పుట్టుకవల్ల వచ్చినవి అని ఆయన వింగడించాడు. ఒకే మనిషి జవాబు రెండు మూడు గదులలో పడే అవకాశం ఉన్నప్పుడు ఈ వింగడింపు ఎంతవరకు నిలుస్తుందన్నది మా సందేహం.

ఆ రెండు 1899 పుస్తకాలనూ మేము తరగతిలో ఒకే వారంలో చదివిస్తాం. ఒకసారి ఒక విద్యార్థి స్టార్‌బక్ పద్ధతిలోనే తన ముత్తాతగారి తండ్రి వివరాలు సేకరించి రావాలని సెలవులకు ఊరు వెళ్లాడు. ఆయన బాప్తిస్మం పొందినప్పటి వయస్సు ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయనతో కలిసి నదికి నడిచి వెళ్లిన ఏడు కుటుంబాల పేర్లు మాత్రం నాయనమ్మ వరుసగా చెప్పిందట. ప్రశ్నావళిలో వాటిని వ్రాయడానికి స్థలం లేక వెనుక పుటలో వ్రాసుకొని వచ్చాడు.