ఆటగాని చదువుకు గీసిన గీత

ఆటగానికి చదువులో కనీస అర్హత ఉండాలా అని అడిగితే, ఉపాధ్యాయులమైన మనం ఉండాలనే అంటాము. దానిని దేనితో కొలవాలన్న దగ్గరే చిక్కు మొదలవుతుంది. అమెరికా కళాశాలలు ఈ చిక్కుతో నలభై ఏళ్లు పెనగులాడాయి. బిడ్డల చదువు బాగోగులు చూసే మీకు ఆ చరిత్ర పరాయిదిగా తోచదనుకుంటాను.

అక్కడ కళాశాల క్రీడలంటే కోట్లతో కూడిన వ్యవహారం. ఆట వచ్చిన కుర్రవానికి ఉపకారవేతనమిచ్చి చేర్చుకుంటారు. చదువు సంగతి ఎవరూ పట్టించుకోని రోజులుండేవి. నాలుగేళ్లు ఒక విశ్వవిద్యాలయ జట్టులో బాస్కెట్‌బాల్ ఆడిన యువకుడొకడు, చదవడం సరిగా రాకుండానే బయటికి వచ్చి, 1982లో షికాగోలో మార్వా కాలిన్స్ నడుపుతున్న బడిలో చిన్నపిల్లల సరసన కూర్చున్నాడు. ఆ సిగ్గు అతనిది కాదు, అతనిని ఏటేటా పై తరగతికి తోసినవారిది.

మరుసటి ఏడు, 1983 జనవరిలో, జాతీయ కళాశాల క్రీడాసంఘం (ఎన్.సి.ఎ.ఎ.) 48వ ప్రతిపాదనను ఆమోదించింది. ఉన్నత పాఠశాలలో 11 ముఖ్య పాఠ్యాంశాలలో నాలుగుకు 2.0 సగటు, దానితోపాటు శాట్ పరీక్షలో 1600కు 700 మార్కులు రావాలి. రెండూ లేనివాడు మొదటి ఏడాది ఆడరాదు. నియమం 1986 నుంచి అమలైంది. అంటే అప్పటికే తొమ్మిదో తరగతిలో ఉన్న పిల్లల మీద పడిందన్నమాట. (తమిళనాడు 2006 నాటి తమిళ అభ్యాస చట్టం ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక మెట్టు ఎక్కింది. అంత వ్యవధి ఉన్నా, అది పదో తరగతికి చేరేసరికి భాషా అల్పసంఖ్యాక విద్యార్థుల కోసం మద్రాసు హైకోర్టు తలుపు తట్టవలసి వచ్చిందని మీకు తెలియనిది కాదు.)

సగటు మార్కుల షరతుపై పెద్దగా తగవు లేదు. తగవంతా ఆ 700 మీదనే. పేద బడులలో చదివిన నల్లజాతి పిల్లలే దాని వల్ల ఎక్కువగా ఆగిపోతారని నల్లజాతి విద్యాసంస్థల అధ్యక్షులు మొదటి రోజే అన్నారు. 1989లో 42వ ప్రతిపాదన మరింత బిగించి, సగం అర్హత ఉన్నవారికి ఉపకారవేతనం సైతం ఇవ్వరాదన్నది. ఆ జనవరి 14న జార్జ్‌టౌన్ శిక్షకుడు జాన్ థాంప్సన్ ఆట ఆరంభం కాకమునుపే నిరసనగా మైదానం విడిచి వెళ్లాడు. ఏడాదికే ఆ నియమాన్ని సడలించారు. అయితే టెన్నిస్ వీరుడు ఆర్థర్ ఆష్, ఆయనా నల్లజాతివాడే, కఠిన నియమాలనే సమర్థించాడు. మన పిల్లల నుంచి తక్కువ ఆశించడమే వారికి చేసే అపకారమని ఆయన వాదం. ఆ మాటను నేను తేలికగా తీసివేయలేను. ఎక్కువ ఆశించవలసిందే, కానీ ఒక్క పూట పరీక్షను అందుకు ద్వారపాలకునిగా నిలపడం వేరే మాట.

ఆ తేడా ఫిలడెల్ఫియా కేసులో బయటపడింది. 305 మంది ఉన్న తరగతిలో ఒక విద్యార్థిని ఐదవ స్థానంలో, ఒక విద్యార్థి 27వ స్థానంలో నిలిచారు. 1996లో వచ్చిన 16వ ప్రతిపాదన ప్రకారం ప్రవేశపరీక్ష మార్కులు చాలక ఇద్దరూ అనర్హులైనారు. నాలుగేళ్లు చూసిన ఉపాధ్యాయుల మాట కంటె ఆ పరీక్ష మాట బరువైనదా? 1999 మార్చిలో జిల్లా న్యాయస్థానం ఆ కటాఫ్ చట్టవిరుద్ధమన్నది. డిసెంబరులో పై న్యాయస్థానం తీర్పు తిప్పివేసింది. తిప్పినది కటాఫ్ న్యాయమైనదని కాదు, ప్రభుత్వ నిధుల చట్టం ఆ సంఘానికి వర్తించదని.

గెలిచిన సంఘమే తరువాత మెత్తబడింది. 2003 నుంచి శాట్‌కు విడిగా కనీస గీత లేకుండా పోయింది: 3.55 సగటు ఉన్నవారికి, ఆ పరీక్షలో అట్టడుగు మార్కులైన 400 వచ్చినా చాలు. ఆ రోజులలోనే చేరినవాడు చదువులో ముందుకు సాగుతున్నాడా అని కళాశాలను లెక్క అడిగి, సాగకపోతే కళాశాలకే శిక్ష వేసే పద్ధతి కూడా వచ్చింది. నా దృష్టిలో అసలు మార్పు ఇదే. అంతవరకు శిక్షంతా పిల్లవానికే.

2020లో మహమ్మారి కారణంగా పరీక్ష నిబంధనను నిలిపివేశారు, 2023 జనవరిలో పూర్తిగా తొలగించారు. ఇప్పుడు మొదటి శ్రేణి కళాశాలలో ఆడదలచినవారికి 16 పాఠ్యాంశాలలో 2.3 సగటు రావాలి, ఆ గ్రేడులు వేసేది బడిలో పాఠం చెప్పిన ఉపాధ్యాయులే.