శాస్త్రజ్ఞుని వ్యక్తిగత నీతి

ప్రకృతిని పరిశీలించుటయు, పరిశీలించినదానిని లోకమునకు నివేదించుటయు వృత్తిగా గైకొన్నవాడు తన పనియందు తనకు తానై విధించుకొను నియమములు శాస్త్రజ్ఞుని నీతి యనబడును. వైద్యునకు ప్రతిజ్ఞావాక్యము గలదు. పరిశోధకునకు సర్వత్ర అంగీకృతమైన ప్రమాణపాఠ మేదియు లేదు. అమెరికా సామాజికశాస్త్రజ్ఞుడు రాబర్ట్ మెర్టన్ 1942 లో, జాతిమతముల నెంచక ఫలితమునే విచారించుట, జ్ఞానమును అందఱి సొత్తుగా భావించుట, స్వలాభాపేక్ష లేకుండుట, క్రమబద్ధమైన సంశయము అను నాలుగింటిని విజ్ఞానలోకపు ఆచారములుగా పేర్కొనెను. అవి సంఘధర్మములు. సాక్షి యెవ్వడును లేని వేళ ప్రయోగశాలలో నొంటరిగా కూర్చుండి, నోటుపుస్తకమున ఏ యంకెను నిలుపవలెను, దేనిని కొట్టివేయవలెను అని తర్కించుకొనువానికి అవి చాలవు. ఈ నీతి యొక్క మర్మము చాలవఱకు ఆ పుస్తకమునందే యున్నది.

లేని ఫలితములను కల్పించుట, పరుల రచన నపహరించుట నేరములని యెల్లరు నెఱుగుదురు గనుక వానిని విస్తరింప నక్కఱలేదు. గుర్తించుటకు కష్టమైనది, నిజాయితీపరుని ఆత్మవంచన. కోరిన ఫలితము వచ్చినచో పరీక్ష నంతటితో చాలించి, కోరనిది వచ్చినప్పుడు మాత్రమే పరికరమును విప్పి దోషమును వెదకుట మానవసహజము. చార్లెస్ డార్విన్ తన సిద్ధాంతమునకు విరుద్ధమైన విషయము కంటబడిన వెంటనే దానిని వ్రాసికొనెడివాడు; అనుకూలమైన విషయములకంటె ప్రతికూలమైనవి త్వరగా మఱపున బడునని అనుభవమువలన గ్రహించితినని ఆత్మకథలో చెప్పికొనెను.

ఈ గుణమునకు ఆంగ్ల భౌతికశాస్త్రజ్ఞుడు లార్డ్ రేలీ చరిత్రకంటె మేలైన నిదర్శనము దొరకదు. ఆయన నత్రజని సాంద్రతను నిర్ధారించుచుండగా, గాలినుండి ఆమ్లజనిని తొలగింపగా మిగిలిన నత్రజని, అమోనియా సాయమున సిద్ధపఱచినదానికంటె సుమారు వేయింట నొకవంతు బరువుగా తేలెను. అంతటి స్వల్పభేదమును తూనికలోని పొరపాటని త్రోసిపుచ్చినను ఆనాడు నిందించువాడుండడు. రేలీ అట్లు చేయక, భేదమును తగ్గించు యత్నమునకు మారుగా పెంచి చూడ నెంచెను. రెండవ పద్ధతిలో గాలికి బదులు ఆమ్లజనిని వాడి, నత్రజని యంతయు అమోనియానుండియే లభించునట్లు చేయగా, భేదము రెండువందలలో నొకవంతునకు పెరిగెను. ఇది తనకు బోధపడలేదని 1892 లో ‘నేచర్’ పత్రికకు లేఖ వ్రాసి రసాయనజ్ఞుల సలహాల నర్థించెను. కీర్తి గడించిన యాచార్యుడు తన సందేహమును తానే అచ్చు వేయించుట నేటికిని తఱచుగా కనబడునది కాదు. వాయువును ఎనిమిది నెలలు నిలువయుంచి మరల తూచి చూచెను. ఇంతకు నూఱేండ్ల పూర్వమే, 1785 లో, హెన్రీ కావెండిష్ గాలిలోని నత్రజనిని విద్యుత్ స్ఫులింగములచే తొలగించుచు, ఎంత చేసినను లొంగక నూటయిరువదింట నొకవంతునకు మించని చిన్న బుడగ మిగిలినదని దాచక వ్రాసియుంచెను. ఆ బుడగ యేమో కావెండిష్ ఎఱుగడు. ఎఱుగనిదానిని వ్రాసియుంచుటయే ఆయన ఘనత. రసాయనజ్ఞుడు విలియం రామ్సే రేలీకి తోడుకాగా, ఇరువురును 1894 ఆగస్టులో ఆక్స్‌ఫర్డున జరిగిన శాస్త్రజ్ఞుల సభయందు క్రొత్త వాయువును ప్రకటించిరి. గాలిలో నూటికి దాదాపు ఒకవంతుండియు అంతవఱకు నెవ్వరికిని పట్టుబడని ఆర్గాన్ అదియే. 1904 లో రేలీకి భౌతికశాస్త్రమునను, రామ్సేకు రసాయనశాస్త్రమునను నోబెల్ బహుమానములు లభించెను.

దీనికి విపరీతముగా, 1903 లో ఫ్రాన్సుదేశపు నాన్సీ నగరమున రెనె బ్లాండ్లో ‘ఎన్-కిరణములను’ కనుగొంటినని ప్రకటింపగా, మఱికొందఱు ఫ్రెంచి శాస్త్రజ్ఞులును వానిని చూచితి మనిరి. మరుసటి సంవత్సరము అమెరికానుండి వచ్చిన ఆర్. డబ్ల్యు. వుడ్ చీకటిగదిలో పరికరమునుండి అల్యూమినియపు పట్టకమును రహస్యముగా తీసివేసెను. అయినను కిరణములు యథాప్రకారము కనబడుచునే యుండెనట! బ్లాండ్లో వంచకుడు కాడు. చూడగోరినదానిని చూచెను.

రాబర్ట్ మిల్లికన్ కథ ఈ రెండింటి నడుమ నిలుచును. ఎలక్ట్రాను ఆవేశమును తైలబిందువుల సాయమున కొలిచి 1913 లో ప్రకటించిన వ్యాసమున, ఏబదియెనిమిది బిందువుల ఫలితముల నిచ్చి, ఇవి ఏరినవి కావు, అఱువది దినములలో పరీక్షించిన బిందువు లన్నియు నివియే యని వ్రాసెను. ఆయన నోటుపుస్తకములను పరిశీలించిన చరిత్రకారుడు జెరాల్డ్ హోల్టన్, పరీక్షించినవి అంతకు మిక్కిలి హెచ్చని 1978 లో వెల్లడించెను. విడిచిన బిందువులలో పెక్కింటికి సమంజసమైన కారణములు గలవనియు, వానిని చేర్చినను ఫలితము పెద్దగా మాఱదనియు మిల్లికన్‌ను సమర్థించువారు చెప్పుదురు. అది నిజమే కావచ్చును. కాని బిందువులను విడుచుట సమర్థనీయమైనను, ‘అన్నియు’ నను మాట సమర్థనీయము కాదు. మిల్లికన్ విలువ వాస్తవమునకు కొంచెము తక్కువ. అందుకు కారణము గాలి స్నిగ్ధతను సరిగా గ్రహింపకపోవుటయే గాని బిందువుల యేరివేత కాదు. తరువాతివారి కొలతలు ఒక్కసారిగా సరియైన విలువను చేరక మెల్లమెల్లగా పైకి ప్రాకినవని రిచర్డ్ ఫైన్‌మన్ 1974 లో తన ప్రసంగమున ఎత్తిచూపెను: మిల్లికన్ విలువను మించినది వచ్చినప్పుడు తప్పు వెదకిరి, సమీపమైనది వచ్చినప్పుడు వెదకలేదు.

ఘనతను పంచుకొనుటయు నీతిలోనిదే. భీమవరమున 1895 లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలసి రూపొందించి 1925 లో ప్రకటించిన భాస్వరనిర్ధారణపద్ధతి నేటికిని ఇరువురి పేర చెల్లుచున్నది. తరువాత లెడర్లీ సంస్థలో పరిశోధనలకు ఆయన నాయకత్వము వహించియుండగా వెలువడిన ఆరియోమైసిన్ ఔషధము మాత్రము 1948 లో బెంజమిన్ డగ్గర్ పేర ప్రసిద్ధమయ్యెను. శాఖాధిపతి పేరే ముందుగా ముద్రింపజేసికొను పరిశోధనాలయముల నెఱిగినవారికి ఇది గమనింపదగిన విషయము.

పరిశోధనాఫలము ఎవరి చేత బడునో యను చింత వేఱొక శాఖ. పోలండుదేశీయుడు జోసెఫ్ రాట్‌బ్లాట్ అణుబాంబు నిర్మాణమున పాల్గొన్నది జర్మనీ ముందుగా దానిని సాధించునేమో యను భయముచేతనే. ఆ భయము నిరాధారమని తెలియగనే 1944 చివర, ఆ నిర్మాణము జరుగుచుండిన లాస్ అలమోస్‌ను విడిచెను. జేమ్స్ ఫ్రాంక్ మొదలగువారు పనిని విడువకయే, జనావాసములపై హెచ్చరిక లేక బాంబును ప్రయోగింపరాదని 1945 జూనులో ప్రభుత్వమునకు నివేదించిరి. ఆ నివేదన నిష్ఫల మయ్యెను. విడిచిపోవుటయా, ఉండి వారించుటయా యను ప్రశ్నకు ఒక్కటే సమాధానము చెప్పుట న్యాయము కాదు. రాట్‌బ్లాట్ అటుపిమ్మట లండనులోని సెయింట్ బార్తలోమ్యూ వైద్యశాలలో భౌతికశాస్త్రాచార్యుడై, కిరణములు ప్రాణులపై కలిగించు ప్రభావమును పరిశోధించెను; 1957 లో కెనడాలోని పగ్‌వాష్ గ్రామమున ఆరంభమైన శాస్త్రజ్ఞుల సమావేశములను దీర్ఘకాలము నడపెను. ఆయనకును ఆ సంస్థకును కలిపి 1995 లో నోబెల్ శాంతిబహుమానము నొసగిరి.